మా కౌన్సిల్ ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్: మూడు స్టార్లు, అందులో ఒకటి తుఫాను రాత్రి వచ్చినాయనకి

హోటల్లో కూర బాగోకపోతే రివ్యూ రాస్తాం, పార్సిల్ వర్షంలో పడేసిపోతే రాస్తాం, కౌన్సిల్‌కి (మన మున్సిపాలిటీ లాంటిది) రివ్యూ ఏమిటే అని మా ఆయన నవ్వాడు. నెల తిరిగేసరికి ఖాతాలోంచి కౌన్సిల్ టాక్స్ పోతోంది కదా, ఈ దేశం వచ్చాక ఏ బిర్యానీ సెంటర్‌కీ మనం అంత డబ్బు పొయ్యలేదు అన్నాను. కౌన్సిల్ పేరు మాత్రం రాయను. ఉత్తర ఇంగ్లండ్‌లో గాలి ఎక్కువ వీచే ఒక చిన్న ఊరు అనుకోండి చాలు. రివ్యూ ముఖ్యంగా ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్ళ మీద, అంటే కట్టడాలు పర్మిషన్ ప్రకారం ఉన్నాయా లేదా చూసేవాళ్ళు. గొడవ మా పక్కన సగంలో ఆగిపోయిన ఇళ్ళ గురించి.

మాది సెమీ-డిటాచ్డ్ ఇల్లు. ఒక వైపు గోడ టీచరమ్మ వాళ్ళతో కలిసి ఉంటుంది, రెండో వైపు ఖాళీ స్థలం. 2017లో కొనేటప్పుడు సొలిసిటర్ (మా లాయరు) చేయించిన లోకల్ సెర్చ్‌లో, అంటే కౌన్సిల్ రికార్డుల తనిఖీలో, ఆ ఖాళీ స్థలం ఊసే లేదు. ఆ సెర్చ్ మనం కొనే స్థలం గురించే చెబుతుందని, పక్క స్థలం సంగతి మనమే చూసుకోవాలని అప్పుడు తెలిసింది. కౌన్సిల్ వెబ్‌సైట్లో నేనే వెతికాను. 2016 సెప్టెంబర్‌లో రెండు ఇళ్ళకి పర్మిషన్ ఇచ్చారు. పోనీలే, పక్కన మనుషులు వస్తారు, మంచిదే అనుకున్నాం.

రెండేళ్ళు ఎవరూ రాలేదు. 2019 ఆగస్టులో ఒక శనివారం పొద్దున చిన్న డిగ్గర్ దిగింది. నడుం లోతున కందకం తవ్వారు, ఒక మూల కాస్త కాంక్రీటు పోశారు, చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నారు, సాయంత్రానికి డిగ్గర్‌ని ట్రెయిలర్ ఎక్కించుకుని పోయారు. తెనాలిలో ఉన్న మా అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే, "కొబ్బరికాయ కొట్టారా?" అని అడిగింది. ఎదురింట్లో ఉండే పెద్దాయన జీవితమంతా ప్లాస్టరింగ్ పని చేసి రిటైరైన మనిషి. ఆయన అసలు విషయం చెప్పాడు. ఇది ఇల్లు మొదలెట్టడం కాదట, కాగితాన్ని బతికించుకోవడమట.

ఇంగ్లండ్‌లో ప్లానింగ్ పర్మిషన్‌కి మామూలుగా మూడేళ్ళు గడువు. ఆలోపు పని మొదలు కాకపోతే పర్మిషన్ చస్తుంది. కానీ మొదలవడం అంటే ఎంత? 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ యాక్ట్ లెక్కలో పునాదికి కందకం తవ్వినా మొదలైనట్టే. ఒక్కసారి మొదలైందా, ఇక దానికి గడువు లేదు. ఎప్పుడు పూర్తి చేస్తావని అడిగే తేదీ ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే నా ఫిర్యాదుల్లో మొదటి ఏడాది మిగిలేది.

ఆ చలికాలం గోడలు లేచాయి. మా వైపు ఇంటికి కప్పు లేకుండా త్రికోణం గోడ కొస దాకా లేచింది. అవతలి ఇల్లు కింద కిటికీల లింటెల్ దగ్గర ఆగింది. 2020 మార్చి వచ్చింది, అందరితో పాటు వాళ్ళూ పోయారు. అందరూ తిరిగొచ్చారు, వాళ్ళు రాలేదు. మిగిలినవి ఇవి: మూడు ప్యాలెట్ల సిమెంటు బ్లాకులు, వానకి తడిసి బస్తా ఆకారంలోనే బండ కట్టేసిన సిమెంటు, ఒక నీలం టార్పాలిన్. ఆ టార్పాలిన్ శబ్దం నాకిప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. గాలి లేస్తే ఫటఫటా కొట్టుకునేది, ఎవరో తడిబట్టలు బండకేసి ఉతుకుతున్నట్టు. నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను, వారానికి రెండు నైట్ డ్యూటీలు. పగలు పడుకోవాలంటే ఆ టార్పాలిన్ పర్మిషన్ తీసుకోవాలి.

2021 మార్చిలో మొదటి ఫిర్యాదు. ఆన్‌లైన్ ఫారం బాగుంది, ఫోటోలు పెట్టుకోవచ్చు, మన పేరు బయటపెట్టం అని రాశారు, పెట్టలేదు కూడా. వెంటనే రిఫరెన్స్ నంబర్ వచ్చింది. ఆ తర్వాత ఏడు వారాలు చడీచప్పుడూ లేదు.

లంచ్ బ్రేక్‌లో ఫోన్ చేశాను. సగంలో ఆగిన కట్టడానికి గడువు పెట్టే కంప్లీషన్ నోటీసు ఒకటుందని ఇంటర్నెట్‌లో చదువుకున్నాను కాబట్టి కాస్త గట్టిగానే "కంప్లీషన్ నోటీసు గురించి మాట్లాడాలి" అన్నాను. కౌన్సిల్ టాక్స్ వాళ్ళకి కలిపారు. ఆవిడ ఎంతో మర్యాదగా మీ ఇల్లు ఎప్పుడు పూర్తయింది అని అడుగుతోంది, నేనేమో పూర్తవనిదే గొడవ అంటున్నాను. టాక్స్ వాళ్ళకీ కంప్లీషన్ నోటీసు ఉందట. కొత్త ఇల్లు ఫలానా తేదీకి పూర్తయినట్టే లెక్క, అప్పట్నించి టాక్స్ కట్టు అని యజమానికి ఇచ్చేది అది. మళ్ళీ కలిపితే బిల్డింగ్ కంట్రోల్‌కి వెళ్ళింది. వాళ్ళ దగ్గర ఉన్నది కంప్లీషన్ సర్టిఫికెట్, ఇల్లు నిబంధనల ప్రకారం కట్టారని ఇచ్చేది. మూడో ప్రయత్నానికి ప్లానింగ్ దొరికింది, నా చపాతీ చల్లారింది. మీరు ఫోన్ చేస్తే "సెక్షన్ 94, ప్లానింగ్" అని మొదటే చెప్పండి, ప్లానింగ్ వాళ్ళ కంప్లీషన్ నోటీసు ఆ సెక్షన్‌దే. ఒకే పేరుతో ఇన్ని కాగితాలు పెట్టుకున్నందుకు ఒక స్టార్ కోస్తున్నాను.

పదకొండో వారం ఉత్తరం వచ్చింది. ప్లానింగ్ ఉల్లంఘన ఏదీ లేదు, కేసు మూసేశాం. రెండు పేరాలు.

ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మేం వెనక వైపు చిన్న గది వేసుకోడానికి 206 పౌండ్లు ఫీజు కట్టి, డ్రాయింగులు గీయించి, ఎనిమిది వారాలు బుద్ధిగా కూర్చున్నాం. కిటికీ ఆరంగుళాలు అటూ ఇటూ అయితే ఉల్లంఘన అంటారు. పక్కన శిథిలం ఉంటే ఉల్లంఘన కాదా?

కాదు. ఇది మింగుడు పడడానికి టైం పట్టింది. కట్టిన మేరకు ప్లాన్ ప్రకారమే కట్టాడు. ఆపేయడం నేరం కాదు. పర్మిషన్‌లో షరతులు ఉంటాయి కదా అని అవన్నీ తిరగేశాను. ప్రహరీ కట్టాలి, పార్కింగ్ వెయ్యాలి, చెట్లు నాటాలి, అన్నీ ఉన్నాయి. ప్రతి షరతు ముందూ ఒకే మాట: ఇంట్లో మొదటి మనిషి కాపురం పెట్టేలోపు. కాపురమే లేదు కాబట్టి ఏ షరతూ మొదలవదు. ఇల్లు కట్టి ప్రహరీ కట్టనివాడిని పట్టుకోవచ్చు, ఇల్లే కట్టనివాడిని పట్టుకోలేరు.

సెప్టెంబర్‌లో మళ్ళీ రాస్తే ఈసారి ఒక ఆఫీసర్ స్వయంగా వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, బురద బూట్లు కార్లోనే తెచ్చుకుంది. మా పైగదిలోంచి చూసింది, రోడ్డు మీద నించుని ఫోటోలు తీసింది, వంటింట్లో కూర్చుని టీ తాగుతూ అరగంట విడమరిచి చెప్పింది. ఆ ఉత్తరం రాసినవాళ్ళు ఇందులో సగం చెప్పినా నాకు ఆర్నెల్లు బీపీ పెరిగేది కాదు.

ఆమె చెప్పింది నా మాటల్లో రాస్తాను. సెక్షన్ 94 కింద కంప్లీషన్ నోటీసు ఇచ్చే అధికారం కౌన్సిల్‌కి ఉంది. కనీసం పన్నెండు నెలల గడువు ఇవ్వాలి. నోటీసు ఇవ్వగానే సరిపోదు, మంత్రి ఆమోదించాలి. యజమాని అభ్యంతరం చెబితే విచారణ. సరే, అన్నీ అయ్యాయి, గడువు దాటింది, అప్పుడేమవుతుంది? కట్టని భాగానికి పర్మిషన్ పోతుంది, అంతే. కట్టిన మొండిగోడల జోలికి ఆ నోటీసు పోదు. పూర్తి చెయ్యమని యజమానిని బలవంతపెట్టదు, కూల్చమనీ చెప్పదు. అంటే గోడలు మీ కిటికీ ముందే ఉంటాయి, వాటి మీద కప్పు వేసే హక్కు మాత్రం ఎవరికీ ఉండదు. రేపు ఎవరైనా కొని పూర్తి చేద్దామనుకున్నా మళ్ళీ మొదట్నించీ పర్మిషన్ తెచ్చుకోవాలి. అది మీకు కావాలా అని అడిగింది.

టీ కప్పు పట్టుకుని కాసేపు ఏం మాట్లాడలేదు నేను. ఆర్నెల్లుగా నేను అడుగుతున్న మందు ఇదా? రోజూ కౌంటర్ దగ్గర జనం పేరు విని వచ్చి ఫలానా మాత్రే కావాలంటే, అది మీ జబ్బుకి కాదండీ అని చెప్పేదాన్ని నేను.

కూల్పించే ఆర్డర్ ఇంకొకటి ఉందట, సెక్షన్ 102. దానికీ మంత్రి ఆమోదం కావాలి, పైగా యజమానికి కౌన్సిల్ నష్టపరిహారం ఇచ్చుకోవాలి. ఆ మాట దగ్గరే ఆమె నవ్వేసింది. (2023లో వచ్చిన లెవెలింగ్-అప్ చట్టంలో కంప్లీషన్ నోటీసుకి మంత్రి ఆమోదం అక్కర్లేకుండా, యజమానికి అప్పీలు మాత్రం ఉండేలా కొత్త సెక్షన్లు రాశారు. దారి తగ్గుతుంది నిజమే, దారి చివర ఉన్న మొండిగోడలు మాత్రం అవే.)

బ్రాడ్‌ఫర్డ్‌లో ఉండే మా మరిది ఓదార్పు చూడండి. వాళ్ళ ఊరి నడిబొడ్డున షాపింగ్ సెంటర్ కోసం 2004లో బిల్డింగులు కూల్చితే, సెంటర్ తెరిచింది 2015 నవంబర్‌లో. మధ్యలో అన్నేళ్ళూ ఊరి మధ్య పెద్ద గొయ్యి. "మాది ఊరంతటికీ వదినా, మీది ఒక్క కిటికీకే కదా" అన్నాడు. వాడికి ఆ పూట అన్నం పెట్టాను, అదే గొప్ప.

2021 నవంబర్ 26, శుక్రవారం. ఆర్వెన్ తుఫాను. రాత్రి పదింటికి ఇల్లు అదిరినట్టు శబ్దం. కప్పు లేని ఆ త్రికోణం గోడలో పై నాలుగు వరసలు మా తోటలోకి వచ్చిపడ్డాయి. గ్రీన్‌హౌస్ నుజ్జయింది, దాని పక్కన మెంతికూర మడి. మిగిలిన గోడ మా వైపుకి వాలి ఉంది, టార్చ్ వేసి చూస్తే బ్లాకుల మధ్య సందు కనిపిస్తోంది. పిల్లల్ని లేపి ఆ వైపు గదిలోంచి మార్చాం.

కౌన్సిల్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేశాను, ఆ పూట ఊరంతా చేస్తూ ఉంటుంది కదా, ఎవరూ రారనే అనుకున్నాను. ఒంటిగంటకి ఒకాయన వచ్చాడు. బిల్డింగ్ కంట్రోల్ సర్వేయర్, అరవైకి దగ్గర, హెల్మెట్ కింద ఉన్ని టోపీ. గాలిలో నించుని గోడ వంక అయిదు నిమిషాలు చూశాడు, చెయ్యి వెయ్యలేదు. మీ తోటలోకి ఎవరూ వెళ్ళద్దు, ఆ వైపు గదుల్లో పడుకోవద్దు అన్నాడు. పొద్దున తొమ్మిదికల్లా మనుషుల్ని తెచ్చి వదులుగా ఉన్న వరసలు దింపించాడు, మిగతా గోడకి ఇనప ఆసరాలు కొట్టించాడు. యజమానిని అడిగారా అంటే, ప్రమాదం తక్షణం ఉంటే బిల్డింగ్ యాక్ట్ సెక్షన్ 78 కింద ముందు పని, తర్వాత బిల్లు అన్నాడు.

అదే కౌన్సిల్. అదే గోడ. గోడ వికారంగా ఉంటే పదకొండు వారాలు, పడబోతుంటే పదకొండు గంటలు. ఆ సర్వేయర్‌కి అయిదు స్టార్లు విడిగా ఇవ్వాలని ఉంది. మెంతికూర ఇద్దామంటే మడి లేదు, చలికాలం అయ్యాక పకోడీలు పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చాను, తీసుకోకూడదంటూనే రిసెప్షన్‌లో అందరికీ పంచాడు.

ఇక అసలు పనిచేసిన మందు. ఆ పిల్ల ఆఫీసర్ వెళ్ళబోతూ గుమ్మంలో అన్న మాట: "నన్ను ఇల్లు పూర్తి చేయించమని అడగకండి, స్థలం శుభ్రం చేయించమని అడగండి." సెక్షన్ 215. ఒక స్థలం పరిస్థితి ఆ ప్రాంతపు అందచందాలను, జనం ఉండే సుఖాన్ని పాడుచేస్తోందని కౌన్సిల్ అనుకుంటే, ఫలానా ఫలానా పనులు చెయ్యి అని యజమానికి నోటీసు ఇవ్వచ్చు. మంత్రి దాకా వెళ్ళక్కర్లేదు. నోటీసు అమల్లోకి రావడానికి ఇరవై ఎనిమిది రోజులు చాలు. యజమాని కాదంటే మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్ళాలి. చెయ్యకపోతే 2022లో జరిమానా వెయ్యి పౌండ్ల దాకా, అప్పటికీ చెయ్యకపోతే రోజుకి వంద దాకా ఉండేది. అదేం పెద్ద దెబ్బ కాదు బిల్డర్‌కి. దెబ్బ ఎక్కడంటే, కౌన్సిలే మనుషుల్ని పంపి పని చేయించి ఖర్చు యజమాని నుంచి వసూలు చెయ్యచ్చు. ఇంగ్లండ్ దక్షిణాన సముద్రం పక్కనున్న హేస్టింగ్స్‌లో ఈ ఒక్క సెక్షన్ పట్టుకుని పాడుబడ్డ బిల్డింగులెన్నో బాగుచేయించారు, ఆ పథకానికి గ్రాట్‌బస్టర్స్ అని పేరు కూడా పెట్టుకున్నారు.

కాబట్టి 2022 ఫిబ్రవరిలో ఫిర్యాదు తీరే మార్చాను. ఇల్లు పూర్తి కాలేదు అని ఎక్కడా రాయలేదు. రోడ్డు మీంచి కనిపించేవి మాత్రమే రాశాను. మా పడగ్గదిలోంచి తీసిన ఫోటోలు పక్కన పెట్టి, బస్ స్టాప్ దగ్గర్నించి, స్కూలుకి వెళ్ళే సందులోంచి తీసినవి పెట్టాను. విరిగిన ఫెన్సింగ్, టార్పాలిన్, గోడల సందుల్లోంచి లేచిన బడ్లియా. ఇక్కడ రైలు పట్టాల పక్కన ఊదారంగు కంకులతో కనిపిస్తుందే, ఆ మొక్క. మన రావిమొక్క గోడల్లో మొలిచినట్టే మొలుస్తుంది, అప్పటికి నా ఎత్తు దాటింది. ఎదురింటి పెద్దాయన, టీచరమ్మ, ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు విడివిడిగా రాశారు. మా వార్డు కౌన్సిలర్‌కి కాపీ. యజమాని ఎవరో తెలుసుకోడానికి ల్యాండ్ రిజిస్ట్రీలో మూడు పౌండ్లు (ఇప్పుడు ఏడు అయింది), ఒక లిమిటెడ్ కంపెనీ పేరు తేలింది. కంపెనీస్ హౌస్‌లో ఉచితంగా చూస్తే ఆ కంపెనీ అడ్రసు ఒక అకౌంటెంట్ ఆఫీసు.

జూన్‌లో హెచ్చరిక ఉత్తరం వెళ్ళింది, ఉలుకూ పలుకూ లేదు. సెప్టెంబర్‌లో నోటీసు. మధ్యలో మూడు నెలలు నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఫైలు ఇంకో ఆఫీసర్‌కి మారిందట. దాని మీద కౌన్సిల్ ఫిర్యాదుల పద్ధతిలో వెళ్ళాను, కబురు చెప్పనందుకు క్షమాపణ రాశారు. అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళచ్చు, కానీ ఆయన చూసేది కౌన్సిల్ పని చేసిన తీరులో తప్పుందా అని. నోటీసు ఇవ్వాలా వద్దా అనే నిర్ణయం ఆయన మార్చడు. వదిలేశాను.

ఆ వేసవిలోనే అమ్మ వచ్చింది. ఆరు వారాలు ఉంది, రోజూ ఆ గోడల వంక చూసేది. మా తెనాలిలో డాబా మీద పిల్లర్ల చువ్వలు పైకి వదిలేస్తారు, అది అమ్మకి వికారం కాదు, పిల్లాడి పెళ్ళయ్యాక పైన వేసుకుంటారు అనే లెక్క. కానీ ఇవి చూసి ఒప్పుకోలేదు. "దిష్టిబొమ్మ కట్టలేదే వీళ్ళు, అందుకే ఆగింది" అని తేల్చేసింది. వెళ్ళేముందు మా కంచె మీద నించి అటువైపు ఒక నిమ్మకాయ విసిరింది. నోటీసు ఆ తర్వాత మూడు వారాలకే వచ్చింది కాబట్టి ఈ విషయంలో ఆవిడతో వాదించలేను.

కౌన్సిల్ తన మనుషుల్ని పంపడానికి కొటేషన్ తీసుకుందని తెలిశాక, డిసెంబర్‌లో కంపెనీ కదిలింది. టార్పాలిన్ పోయింది. ఆ రాత్రి గాలి వీచింది, ఏ శబ్దమూ లేదు, నాకు మెలకువ వచ్చింది. చెత్త ఎత్తారు, బడ్లియా కొట్టేశారు, ముందు వైపు చెక్క హోర్డింగ్ కట్టి ఆకుపచ్చ రంగు వేశారు. తర్వాతి వేసవికి స్థలం వేలంలో అమ్ముడుపోయింది. కొత్తాయన పాత పర్మిషన్ మీదే పని మొదలెట్టాడు, ఎందుకంటే 2019లో తవ్విన ఆ కందకం పుణ్యాన అది ఇంకా బతికే ఉంది. సెక్షన్ 94 మీద నా పట్టుదల నెగ్గి ఉంటే ఆయన కొనేవాడే కాదేమో.

స్టార్ల లెక్క: సర్వేయర్‌కి ఒకటి, వంటింట్లో కూర్చుని నిజం చెప్పిన పిల్లకి ఒకటి, సెక్షన్ 215కి ఒకటి. పోయిన రెండూ ఫోన్ వ్యవస్థవి, ఆ రెండు పేరాల ఉత్తరానివి.

మా వైపు ఇంటికి కప్పు పడింది, కిటికీలు పెట్టారు, పోయిన నెల ఒక కుర్ర జంట దిగారు. అవతలి ఇల్లు లింటెల్ దగ్గరే ఉంది. మొదటి కాపురం వచ్చింది కాబట్టి ప్రహరీ షరతు ఇప్పుడు మొదలైంది. తేదీ రాసి పెట్టుకున్నాను.